రేపు తాగుతానన్న బయన్న

చెప్పండి, ఏం చూశారు?

నిన్న సంత నుంచి వస్తూ, సారా దుకాణం పక్కన కాలవగట్టు మీద పడి ఉన్న మనిషి దగ్గర మీరంతా ఆగారు కదా. పిల్లలు ముక్కు మూసుకున్నారు. పెద్దలు నవ్వుకున్నారు. ఏం చూశారో ఇప్పుడు నోరు విప్పి చెప్పండి.

తాగుబోతును చూశాం అంటారు. అంతేనా? ఆ మనిషి మత్తులో ఎవరినో పేరుపెట్టి పిలుస్తున్నాడు. అది ఎవరైనా విన్నారా? వినకపోతే మీరు చూసింది సగమే. తాగేవాడికి సారా మీద తప్ప దేని మీదా ఆశ లేదనుకుంటారు. కాదు. దాని అడుగున ఇంకో ఆశ ఉంటుంది, ఊపిరాడక కొట్టుకుంటూ. ఆ రెండు ఆశలకూ జరిగిన పోరు ఈ కథ. కదలకుండా కూర్చుని వినండి.

అనగనగా, కొండలు మాట్లాడటం మానేసి, ఎలుగుబంట్లు మాత్రం ఇంకా మానని కాలంలో, పెద్దగండి అనే లోయ అంచున ఒక చిన్న గూడెం ఉండేది.

ఆ లోయ పక్కన ముప్పై బారల కొండచరియ. నిట్టనిలువుగా ఉంటుంది. దాని మధ్యలో, ఏనుగు చెవుల్లాగా, తేనెపట్లు వేలాడేవి. ఆ తేనె తీయాలంటే పైనుంచి తాడు కట్టుకుని దిగాలి. అడ్డతీగ నారతో పేనిన తాడు అది. నడుముకు తాడు, భుజానికి సొరబుర్ర, చేతిలో పచ్చాకు పొగ. దిగేవాడు ఒకడు, పైన తాడు పట్టేవాడు ఒకడు.

ఎవరు పడితే వారు ఆ తాడు పట్టడానికి లేదు. అన్నకు ఆ హక్కు లేదు. తండ్రికి లేదు. ప్రాణమిచ్చే స్నేహితుడికీ లేదు. దిగేవాడి భార్య తోడబుట్టినవాడే పట్టాలి. అదీ ఆ గూడెం కట్టుబాటు. తన అక్క బొట్టు తన గుప్పిట్లో ఉందని తెలిసినవాడు పట్టు వదలడని వాళ్ళ నమ్మకం.

పైవాడికి కిందివాడు కనపడడు. అందుకని గుర్తులు పెట్టుకున్నారు. తాడు ఒకసారి గుంజితే ఆపు. రెండుసార్లు గుంజితే ఇంకా దించు. మూడుసార్లు గుంజితే పైకి లాగు.

ఇంకొకటి కూడా ఉంది. దిగేటప్పుడు బావ పైనున్న బామ్మర్దిని తిడుతూ పాట పాడాలి. పాట వినపడుతున్నంతసేపూ బావ క్షేమమే. పాట ఆగితే ఏదో జరిగిందని అర్థం.

ఆ గూడెంలో గురవన్న అనే తేనెగాడు ఉండేవాడు. అతని భార్య ఈదమ్మ. ఈదమ్మ తమ్ముడు బయన్న. గురవన్న దిగితే బయన్న తాడు పట్టేవాడు. "నీ మీసం చూసి మేకపోతు సిగ్గుపడింది బామ్మర్దీ, నీ వంట తిని కుక్క గూడెం విడిచింది బామ్మర్దీ" అంటూ గురవన్న కింద నుంచి పాడుతుంటే, బయన్న పైన మడమలు రాతి గుంటల్లో బిగించి, కడుపు పట్టుకోవడానికి చేతులు ఖాళీ లేక, నవ్వుతూనే తాడు వదిలేవాడు, బార తరవాత బార.

అట్లాంటి బయన్నకు తాగుడు అంటింది. మొదట పండగకు తాగాడు. తరవాత వాన వచ్చిందని తాగాడు. ఆ తరవాత వాన రాలేదని తాగాడు. ఎవరైనా అడిగితే రేపటి నుంచి మానేస్తా అనేవాడు. పదేళ్ళు అదే మాట అన్నాడు. పదేళ్ళలో ఆ రేపు ఒక్కసారి కూడా గూడెంలోకి రాలేదు.

ఆ అడవిలో ఒక ముసలి ఎలుగు ఉండేది. అది అందరినీ మించిన తెలివిగలది. చరియ కింద కూర్చుని చూసి చూసి ఒక సంగతి కనిపెట్టింది. పైన తాడు వణికితే కింద తేనె రాలుతుంది. అందుకని ఇప్పపూలు ఏరి, ఒక రాతి తొట్టిలో వాననీళ్ళలో ఊరబెట్టి, పులిసిన ఆ నీళ్ళు ఆకు దొప్పలో ముంచి బయన్నకు అందించేది. చలి పోతుందనేది. చేతులు గట్టిపడతాయనేది. బయన్న దాన్ని స్నేహితుడనుకున్నాడు. వినండి పిల్లలూ, పెద్దలు మరీ వినండి. మీ తాగుడు మీద బతికేవాడు మీతో ఎప్పుడూ తియ్యగానే మాట్లాడతాడు.

ఒక ఎండాకాలం పొద్దున బయన్న మూడు దొప్పలు తాగి తాడు పట్టాడు. గురవన్న పాడుతూ దిగాడు. పట్టు కోసే వేళకు గాలి తిరిగి పొగ చెదిరింది. తేనెటీగలు కమ్ముకున్నాయి. గురవన్న తాడు మూడుసార్లు గుంజాడు. బయన్న చేతులకు రెండే తెలిశాయి. మూడోది మత్తులో మునిగిపోయింది. రెండంటే దించమనే కదా. దించాడు. ఇంకా దించాడు. కింద పాట ఆగింది. ఆగిందని కూడా అతనికి తట్టలేదు. తాడు జారి అరచేతుల్లో పరుగెత్తింది.

గురవన్న ఒక బండ మీద పడ్డాడు. ప్రాణం మిగిలింది, కుడికాలు విరిగింది. సొరబుర్ర పగిలి తేనంతా లోయలో పడింది. ఎలుగు కడుపారా తిన్నది.

గురవన్న నాలుగు నెలలు మంచం దిగలేదు. దిగినాక కుంటుతూ బయన్న గుడిసె మీదుగా వెళ్ళాడు. బయన్న గుమ్మంలో నిలబడ్డాడు. బావ తిడతాడని ఎదురుచూశాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు. గురవన్న ఆగి, "బాగున్నారా?" అని అడిగాడు, దారిలో కనపడ్డ పరాయివాడిని అడిగినట్టు. అడిగి వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క 'రు' బయన్న గుండెలో ముల్లులా దిగింది. బావ నోటినుంచి ఒక్క తిట్టు వినాలని, మేకపోతు మీసం అనిపించుకోవాలని, తాడు బరువు మళ్ళీ అరచేతుల్లో పడాలని, ఆ రోజు నుంచి అతనికి ఒకటే తపన. ఆ తపన తట్టుకోలేక మళ్ళీ తాగాడు. తాగితే ఇంకా పెరిగింది.

గురవన్న తాడు మీద వేలాడగలడు. దానికి కాలు కన్నా చేతులు ముఖ్యం. కానీ తాడు పట్టే బామ్మర్ది ఇంకొకడు లేడు. అందుకని అతను చెట్ల తొర్రల్లో దొరికే పిడికెడు తేనెతో, అడవి గడ్డలతో రోజులు గడుపుతూ, చరియ వైపు చూసి తల తిప్పుకునేవాడు. తాడును ఈదమ్మ చుట్టచుట్టి తన గుడిసె దూలానికి కట్టేసింది.

చివరికి ఒకరోజు బయన్న అక్క ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. తాడు ఇవ్వమని అడగడానికి నోరు రాలేదు. ఈదమ్మే అంది. "మూడు ఇప్పపూల కాలాలు చుక్క ముట్టకుండా గడిపి రా. నా చేత్తో ఇస్తాను. మధ్యలో ముట్టావా, మళ్ళీ మొదటికి."

"ముట్టానో లేదో నీకెట్లా తెలుస్తుందక్కా? కాపలా పెడతావా?"

"పెట్టను. నువ్వు చెప్పిందే నమ్ముతాను. కొండ మీద తాడు పట్టుకున్నప్పుడు నిన్నెవరు చూస్తారురా? అక్కడా నువ్వొక్కడివే కదా."

బయన్న ఆ కొండ మీదే ఒట్టు వేసుకున్నాడు. ఈ జన్మలో తాగనన్నాడు. మొదటి మూడు రోజులు ఒళ్ళంతా వణికింది. గంజి నోటి దాకా వచ్చేలోపే ఒలికిపోయేది. అయినా బిగబట్టాడు. పదిరోజులు. పదిహేను. పంతొమ్మిది. అడవంతా ఇప్పపూల వాసన. ఇరవయ్యో రోజు పొద్దున ఎలుగు వచ్చి పక్కన చతికిలబడింది.

"జన్మంతా తాగవట కదా బామ్మర్దీ?" బావ మానేసిన పిలుపును అది ఎత్తుకుంది. "నువ్వు తక్కువలో తక్కువ ఇంకో నలభై ఏళ్ళు బతుకుతావు. నలభై ఏళ్ళ దాహం. ఇవాళే నెత్తిన పెట్టుకుని మోస్తావా, పాపం?"

బయన్నకు ఆ నలభై ఏళ్ళూ ఒక్కసారి కళ్ళముందు నిలిచాయి. ఎండిన ఏరులా, అంతు లేకుండా. దొప్ప అందుకున్నాడు.

తాగినాక ఎలుగు మెల్లగా అంది, ఇక్కడ ఎవరూ లేరు కదా, నేను చెప్పను, నీ లెక్క నువ్వు సాగించుకో, అని.

బయన్న నోరు కడుక్కున్నాడు. తులసాకు నమిలాడు. అక్క గుడిసె ముందుకు వచ్చాడు. ఈదమ్మ గడ్డలు కోస్తూ తలెత్తి చిరునవ్వుతో, ఎన్ని రోజులైందిరా అని అడిగింది. ఇరవై అంటే సరిపోయేది. ఆమె నమ్మేది. ఆకాశం విరిగిపడేది కాదు. అతని నాలుక దాకా ఇరవై వచ్చింది కూడా.

"ఒక్కటీ లేదక్కా. ఇవాళ తాగాను."

ఈదమ్మ చేతిలో కత్తి ఆగింది. మళ్ళీ కోయడం మొదలుపెట్టింది. సరే, అయితే ఇవాళ్టి నుంచి మళ్ళీ లెక్కపెట్టుకో, అంది. లోపల గోడ వైపు తిరిగి పడుకుని ఉన్న గురవన్న ఇటు తిరిగాడు.

బయన్న ఆ రోజంతా చరియ మీద కూర్చున్నాడు. తాడు పట్టేవాళ్ళు తరతరాలుగా మడమలు ఆనించి ఆనించి అరగదీసిన రాతి గుంటలవి. వాటిలో మడమలు పెట్టి, ఖాళీ చేతులు ముందుకు చాపి కూర్చున్నాడు. కింద ఈగల రొద, ఎవరో దూరంగా పిలుస్తున్నట్టు. ఎలుగు చెప్పింది నిజమే అనుకున్నాడు. నలభై ఏళ్ళు నేను మోయలేను. ఒక్కరోజు మోయగలను. పదేళ్ళు రేపు మానేస్తానన్నాను, ఆ రేపు రానేలేదు. రాని రేపుకి మానడాన్ని కాకుండా తాగడాన్నే పంపితే?

మర్నాడు పొద్దున్నే ఎలుగు దొప్పతో వచ్చింది. బయన్న దొప్ప వైపు చూశాడు. గొంతు ఎండిపోయింది. నోట్లో నీళ్ళూరాయి. రెండూ ఒకేసారి.

"ఇవాళ వద్దులే," అన్నాడు. "రేపు తాగుతాను."

"ఒట్టేనా?"

"పదేళ్ళు రేపు మానేస్తానన్నాను. అప్పుడు ఎవరూ ఒట్టు అడగలేదే."

ఎలుగు నవ్వి వెళ్ళిపోయింది. ఒక్కరోజే కదా, దానికేం. మర్నాడు వచ్చింది. బయన్న మళ్ళీ రేపన్నాడు. ఆ మర్నాడూ రేపే. ఎలుగు రోజూ పూలు ఏరుతుంది, రోజూ ఊరబెడుతుంది. బయన్న తాగకపోతే ఆ నీళ్ళు పారబొయ్యడానికి మనసొప్పక తానే తాగేస్తుంది. ఇట్లా మొదటి పూలకాలం గడిచింది. బయన్న అక్కతో నిజంగానే ఒక కాలం అయిందని చెప్పాడు. ఆమె దూలం మీది తాడును దించి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ కట్టింది.

రెండో పూలకాలంలో గూడెం దేవతకు కొలుపు వచ్చింది. కొత్త సారాలో మొదటి ధార నేలకు పోసి, మిగిలింది గూడెమంతా వరసగా దొప్పల్లో తాగాలి. కాదంటే దేవతను కాదన్నట్టే. గూడెం పెద్ద తన చేత్తో బయన్నకు దొప్ప ఇచ్చాడు. వరసలో కూర్చున్నవాళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు. బయన్నకు పాలు పట్టండ్రా అని ఒకడన్నాడు. మొలతాడుకు మువ్వలు కట్టండి, పాపం పసివాడు, అని ఇంకొకడు. ఆ వరస చివర ఎలుగు కూడా కూర్చుని ఉంది, తనకూ పోస్తారని.

దేవత దగ్గర రేపనడానికి లేదు. బయన్న దొప్ప పట్టుకుని లేచాడు. మొదటి ధార నేలకు పోశాడు. ఆపలేదు. రెండో ధార కూడా పోశాడు. దొప్ప అడుగు కనపడేదాకా పోశాడు.

"నా వాటా కూడా తల్లికే," అన్నాడు.

పెద్దాయన తడిసిన నేల వైపు చూశాడు. పోనీలే, ఏడాదిగా ఎండిన నేల, తల్లికీ దాహంగానే ఉంటుంది, అని ముందుకు కదిలాడు. నవ్వులు సద్దుమణిగాయి.

అందరూ అతను గెలిచాడనుకున్నారు. గుడిసెకు వెళ్ళి అతనేం చేశాడో ఎవరికీ తెలియదు. వేళ్ళకు అంటిన వాసన చూసుకుంటూ ఏడ్చాడు. బూడిద పెట్టి తోమాడు. మట్టితో తోమాడు. వాసన పోలేదు. పోయిందేమోనని భయపడి మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మానినవాడికి ఆశ చచ్చిపోతుందని మీకెవరు చెప్పినా నమ్మకండి. ఆశ అక్కడే ఉంటుంది. దానితోపాటు బతకాలి.

మూడో పూలకాలం వచ్చింది. పూలు రాలడం ఆగడానికి ఇంకా రెండు రోజులు. బయన్న చరియ మీద గుంటల్లో మడమలు పెట్టుకుని కూర్చున్నాడు. ఎలుగు వచ్చింది. మూడు పూలకాలాలు తానే తాగి తాగి దాని బొచ్చు ఊడింది, నడక తూలుతోంది. అయినా దొప్ప మాత్రం ఒలకకుండా తెచ్చింది.

"నీ అంత మొనగాడు ఈ అడవిలో లేడు బామ్మర్దీ," అంది. "దాహాన్ని జయించావు. జయించినవాడిని ఒక్క దొప్ప ఏం చేస్తుంది? నువ్వు చెప్పిన రేపు ఇదే. ఎన్నో సార్లు వచ్చి పోయింది."

వినండి, ఇదే అన్నింటికంటే లోతైన గుంట. ఏడుపుకు పడనివాడు, ఎగతాళికి పడనివాడు, పొగడ్తకు పడతాడు. బయన్నకు నిజమే అనిపించింది. నేను గెలిచాను కదా. చెయ్యి చాచాడు. దొప్ప పెదవుల దాకా వచ్చింది. ఆ వాసన లోపలికి పోయి పాత స్నేహితుడిలా భుజం తట్టింది.

అప్పుడు అతను ఎలుగు కళ్ళలోకి చూశాడు. అవి దొప్పను చూడటం లేదు. చరియ కిందికి చూస్తున్నాయి.

"నువ్వు తేనె తిని ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు.

"మూడేళ్ళు దాటింది," అంది ఎలుగు. తాగి ఉన్న నోరు కదా, ఆగలేదు. "నువ్వు తాగితే కదా తేనె రాలేది. ఆ రోజు మీ బావ పడ్డప్పుడు తిన్నదే ఆఖరు."

బయన్న దొప్పను రాతి మీద పెట్టాడు.

"ఇవాళ వద్దు," అన్నాడు.

రెండు రోజులకు పూలు ఆగాయి. ఆ మర్నాడు తెల్లవారగానే ఈదమ్మ దూలం మీది తాడు విప్పి, గూడెం మధ్యగా నడిచి వచ్చి, తమ్ముడి చేతుల్లో పెట్టింది. గురవన్న కుంటుకుంటూ వెనక వచ్చాడు. తాడు కొస నడుముకు కట్టుకున్నాడు. బయన్న వైపు ఒకసారి చూసి, మాట లేకుండా అంచు దాటి దిగిపోయాడు.

పాట లేదు. బయన్న చెవులు రిక్కించాడు. ఒక బార వదిలాడు, పాట లేదు. పది బారలు వదిలాడు, పాట లేదు. బావ క్షేమం తెలియడానికి ఇక తాడు ఒక్కటే. కింద లోయలోంచి గాలి లేచి, ఎక్కడో మిగిలిన ఇప్పపూల వాసన మోసుకొచ్చింది. నోరూరింది. బయన్న దాన్ని నోరూరనిచ్చాడు. చేతులను మాత్రం తాడు మీదే ఉంచాడు.

ఒక గుంజు. ఆపాడు. రెండు గుంజులు. దించాడు. చాలాసేపు ఏమీ లేదు.

తరవాత ఒకటి. రెండు.

బయన్న దించలేదు. ఊపిరి బిగబట్టి ఆగాడు. అరచేతుల చర్మమంతా చెవులయింది. అప్పుడు వచ్చింది మూడోది, చిన్నగా, తాడు పొడవునా దారి తప్పి వచ్చినట్టు.

లాగాడు. మడమలు గుంటల్లో దిగబడ్డాయి. పాత మచ్చల మీద అరచేతులు చిట్లాయి. బావ బరువు, తేనె బరువు, మూడేళ్ళుగా కోరుకున్న బరువు. ఇరవై బారలు. పది. అంచు ఇంకా నాలుగు బారలుందనగా కింద నుంచి బొంగురు గొంతు లేచింది.

"ముసలి మేకైనా ఇంతకన్నా గట్టిగా లాగుతుంది కదరా బామ్మర్దీ. అక్క వండిన గంజి ఎక్కడికి పోతోందిరా?"

బయన్నకు కళ్ళు కనపడలేదు, నీళ్ళు నిండి. చేతులు మాత్రం ఆగలేదు. గురవన్న అంచు మీదికి వచ్చి పడ్డాడు. మొహమంతా ఈగలు కుట్టి గుమ్మడికాయలా ఉబ్బింది. ఇంకా తిడుతూనే ఉన్నాడు. ఈదమ్మ ఇద్దరినీ కలిపి తిట్టింది.

కథ ఇక్కడ ఆపితే మీరు సంతోషంగా లేచి వెళ్ళిపోతారు. ఆపను. మర్నాడు పొద్దున ఏం జరిగిందో కూడా వినాలి.

మర్నాడు పొద్దున ఎలుగు మళ్ళీ వచ్చింది. ఈసారి దొప్ప లేదు. ఉత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను కూడా మానగలనా అని అడిగింది. మూడు పూలకాలాలు రోజూ రేపంటే నమ్మి వచ్చానే, నన్ను మోసం చేశావు కదా, అని కూడా అంది. బయన్న నవ్వలేదు. దాని గోళ్ళు వణకడం చూశాడు. ఆ వణుకు అతనికి తెలుసు.

"మానగలవో లేదో నాకు తెలియదు," అన్నాడు. "ఇవాళ ఒక్కరోజు నా పక్కన కూర్చో. తేనె రాలేదాకా కాచుకోకు, ఒక ముక్క నేనే ఇస్తాను. రేపు సంగతి రేపు."

ఎలుగు కూర్చుంది. అది నిజంగా మానిందో లేదో చెప్పిన వాళ్ళు లేరు. ఆ రోజు పొద్దు గూకేదాకా మాత్రం తాగలేదు. బయన్న కూడా తాగలేదు. ఆ తరవాత ముసలితనం దాకా ప్రతి పొద్దునా అతను తాగుదామా అని తనను తాను అడిగేవాడట, ప్రతి పొద్దునా ఇవాళ వద్దులే అని జవాబు చెప్పుకునేవాడట.

జన్మంతటినీ ఒక్కసారి గెలవాలనుకునేవాడు ఓడిపోతాడు. ఇవాళ ఒక్కరోజు ముట్టకుండా ఉండి, ఎవరూ చూడని చోట కూడా నిజమే చెప్పేవాడికి పోయిన నమ్మకం తిరిగి వస్తుంది. ఇదీ ఈ కథలోని నీతి. లేచే ముందు మీ అరచేతులు ఒకసారి తెరిచి చూసుకోండి. వాటిలో ఎవరి తాడు ఉంది?